తొమ్మిదో తరగతి మధ్యలో టీసీ తీసుకెళ్ళమంటున్నారు. బాబుకి ఇప్పుడు దారేంటి?

కూకట్‌పల్లి అమ్మ | సోమవారం, రాత్రి 10:12

నమస్తే అండీ. ఇక్కడ చదవడమే తప్ప రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి. మా బాబు ఒక ప్రైవేట్ స్కూల్లో తొమ్మిదో తరగతి, స్టేట్ సిలబస్. ఎల్కేజీ నుంచీ అక్కడే. జులైలో పద్నాలుగు నిండాయి.

శుక్రవారం వాడి బ్యాగులో వేప్, అదే ఈ-సిగరెట్, దొరికింది. దసరా సెలవులకి ముందు ఇంకో అబ్బాయితో గొడవపడి పెదవి పగిలేలా కొట్టాడు, కుట్లు పడ్డాయి. ఇవి కాక క్లాసులు ఎగ్గొట్టడం, టీచర్‌కి ఎదురు చెప్పడం, హోంవర్క్ లేకపోవడం. డైరీ నిండా ఎర్ర సిరానే. శనివారం మమ్మల్నిద్దర్నీ పిలిచారు. ప్రిన్సిపాల్ మేడం పక్కన కరస్పాండెంట్ గారు కూర్చున్నారు. ఆయన పెద్దగా కోప్పడలేదు కూడా. "వారంలో టీసీకి అప్లికేషన్ పెట్టుకోండమ్మా. మీ అంతట మీరు పెట్టుకుంటే కాండక్ట్ గుడ్ అని రాసిస్తాం. మేం తీసేయాల్సి వస్తే అలా రాయలేం కదా" అన్నారు. సొంత కారణాల వల్ల అని రాయమని కూడా వాళ్ళే చెప్పారు.

ఏడాది ఫీజు మొత్తం జూన్‌లోనే కట్టేశాం. ఆ మాట అడిగే ధైర్యం నాకు రాలేదు.

మావారు విజయవాడ వైపు హాస్టల్లో వేద్దాం, అక్కడ దారిలోకి వస్తాడు అంటున్నారు. మా అత్తగారు ఊరికి పంపండి, గవర్నమెంట్ బళ్ళో చేరుస్తా అంటున్నారు. మా తమ్ముడు ఓపెన్ స్కూల్ అంటాడు. బాబేమో గదిలోంచి బయటికి రావట్లేదు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇలాంటిది దాటి వచ్చినవాళ్ళు ఉంటే చెప్పండి.

నిజాంపేట్ నాని | సోమవారం, రాత్రి 10:31

విద్యాహక్కు చట్టం ఉంది కదండీ. పిల్లల్ని స్కూల్లోంచి తీసేసే హక్కు ఎవరికీ లేదు. ఒక్క నోటీసు పంపండి, దెబ్బకి దిగొస్తారు.

వరంగల్ వకీలు | సోమవారం, రాత్రి 11:05

నాని గారూ, ఆ నమ్మకంతో నోటీసు పంపితే రెండు లైన్లలో జవాబు వస్తుంది. 2009 చట్టంలో సెక్షన్ 16 ప్రకారం తీసేయకూడదనేది ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకానే, అంటే ఎనిమిదో తరగతి దాకా. 2019లో సవరణ చేసి 5, 8 తరగతుల్లో ఫెయిలైన పిల్లల్ని అదే తరగతిలో ఉంచొచ్చన్నారు గానీ, అప్పుడు కూడా బయటికి పంపకూడదన్న మాట అలాగే ఉంచారు. ఈ బాబు తొమ్మిదిలో ఉన్నాడు, పద్నాలుగు నిండాయి. సెక్షన్ 16 ఇతనికి పనికిరాదు.

అలాగని వాళ్ళిష్టం కూడా కాదు. తీసేయాలంటే ఆరోపణ ఏంటో రాతపూర్వకంగా ఇవ్వాలి, తల్లిదండ్రుల వివరణ వినాలి, ఆ తర్వాత ఉత్తర్వు ఇవ్వాలి. సహజ న్యాయం అంటే అదే. ఆ ఉత్తర్వు మీద మండల విద్యాధికారి దగ్గరికి, జిల్లా విద్యాధికారి దగ్గరికి, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఇదంతా వాళ్ళకి తలనొప్పి. అందుకే "మీరే అప్లికేషన్ పెట్టుకోండి" అంటారు. మీ చేత్తో సొంత కారణాలు అని రాసిన క్షణం నుంచి అది బహిష్కరణ కాదు, మీరే వదిలి వెళ్ళినట్టు. ఫీజు అడగడానికీ ఉండదు, ఫిర్యాదుకీ ఉండదు.

కాబట్టి అమ్మా, ముందు ఆ కాగితం రాయొద్దు. ఎంత మర్యాదగా అడిగినా రాయొద్దు. "మీరు ఏం చేయాలనుకుంటున్నారో మాకు రాసివ్వండి సార్" అని మాత్రం అనండి. ఆ తర్వాతి సంగతి తర్వాత.

ఇంకోటి. వేప్ విషయంలో పోలీసు అని భయపెడితే బెదరకండి. 2019 ఈ-సిగరెట్ల నిషేధ చట్టం తయారీ, అమ్మకం, రవాణా, నిల్వ, ప్రకటనల మీద. పద్నాలుగేళ్ళ పిల్లాడికి అమ్మినవాడి మెడకి చుట్టుకోవాల్సింది అది. ఏ షాపులో కొన్నాడో నెమ్మదిగా అడగండి.

బడిగంట | మంగళవారం, ఉదయం 6:20

నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. అందరూ స్కూలుని తిడతారు కాబట్టి మా వైపు మాట ఒకటి చెప్తాను. క్లాసులో 48 మంది. ఒక్కడు రోజూ పీరియడ్ పాడుచేస్తే మిగతా 47 మంది తల్లిదండ్రులకి మేం ఏం చెప్పాలి? కుట్లు పడిన అబ్బాయి వాళ్ళమ్మ కూడా ఎక్కడో ఇలాగే రాసుకుంటూ ఉంటుంది. మాకు కౌన్సెలర్ లేరు. స్టాఫ్‌లో ఎవరో ఒకరికి ఆ పేరు తగిలిస్తారు, ఆమె వారానికి ముప్పై ఆరు పీరియడ్లు చెప్పాక మిగిలిన టైంలో కౌన్సెలింగ్ చేయాలి.

అయితే నిజం ఇంకోటీ ఉంది. తొమ్మిదిలో ఇలా పంపించేవాళ్ళందరూ కొట్లాడినవాళ్ళు కారు. పదిలో ఫెయిలవుతారనుకున్నవాళ్ళు కూడా. పది పరీక్షకి పేర్ల జాబితా, అంటే నామినల్ రోల్స్, వెళ్ళకముందే పేరు తీసేస్తే ఫ్లెక్సీ మీద నూరు శాతం వేసుకోవచ్చు. నవంబర్, డిసెంబర్ వచ్చిందంటే మా స్టాఫ్ రూంలో "ఎవరెవరు" అని లిస్టు నడుస్తుంది. మీ బాబు మార్కులు ఎలా ఉన్నాయి?

కూకట్‌పల్లి అమ్మ | మంగళవారం, ఉదయం 7:02

ఏడు దాకా ఫర్వాలేదు. ఎనిమిది నుంచి పడిపోయాయి. ఈసారి ఎఫ్ఏ పరీక్షల్లో లెక్కలు, సోషల్, సైన్స్ మూడూ పోయాయి. తెలుగు బొటాబొటిగా.

మణికొండ డాడీ | మంగళవారం, ఉదయం 9:15

రిషి వ్యాలీ లాంటి చోట వేయండి. అక్కడ ప్రకృతి, స్వేచ్ఛ, పోటీ ఉండదు. పిల్లలు మారిపోతారు.

ఇంటిబడి | మంగళవారం, ఉదయం 9:40

మదనపల్లెలో ఆ బడి పెట్టి వందేళ్ళు కావస్తోంది, మంచిదే. కానీ ఎవరి పిల్లాడైనా గొడవ చేసిన ప్రతిసారీ ఇక్కడ ఎవరో ఒకరు ఆ పేరు చెప్తారు. అది రిపేరు షెడ్డు కాదండీ. సీటు కావాలంటే చిన్న తరగతుల నుంచే ప్లాన్ చేసుకోవాలి, ఫీజు సంగతి చెప్పక్కర్లేదు. నవంబర్‌లో, తొమ్మిదో తరగతిలో, వారం గడువు ఉన్న అమ్మకి ఈ సలహా ఎలా పనికొస్తుంది?

రిటైర్డ్ హెచ్ఎం, తెనాలి | మంగళవారం, ఉదయం 11:30

అమ్మాయీ, ఒక పని చెయ్యి. వాణ్ణి తిట్టకుండా, పరీక్ష పెడుతున్నట్టు కాకుండా, ఐదో తరగతి తెలుగు వాచకంలోంచి ఒక పేజీ, ఇంగ్లీషు వాచకంలోంచి ఒక పేజీ పైకి చదివించు. తర్వాత అదే పేరా నువ్వు చదివి వినిపించి, అందులో ఏముందో అడుగు. ఫలితం ఇక్కడ రాయి.

ఎందుకంటే లెక్క వేసుకున్నాను. 2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు వీడు మూడో తరగతి పూర్తి చేస్తున్నాడు. తెలంగాణలో ప్రైమరీ పిల్లలు మళ్ళీ బడిలో కూర్చున్నది 2021 సెప్టెంబరులో. అంటే నాలుగో తరగతి మొత్తం ఫోనులోనే గడిచింది. చదవడం కుదురుకునే వయసది. చాలామంది తర్వాత పుంజుకున్నారు. కొందరు బట్టీతో, పక్కవాడి నోట్సుతో ఏడు దాకా లాక్కొచ్చారు. ఎనిమిదిలో ఫిజికల్ సైన్సు, బయాలజీ విడిపోయి పాఠాలు బరువయ్యేసరికి దొరికిపోతారు. రానివాడనిపించుకోవడం కంటే రౌడీ అనిపించుకోవడం మగపిల్లలకి సులువు. ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను, ఆ వరస నాకు బాగా తెలుసు.

డాలస్ నాన్న | మంగళవారం, మధ్యాహ్నం 12:10

మా టెక్సాస్‌లో ఎలా ఉంటుందో చెప్తాను, పోల్చుకోవడానికి. ఇక్కడ ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కీ డీఏఈపీ అని ఒక క్రమశిక్షణ బడి ఉండాలని చట్టం. ఎడ్యుకేషన్ కోడ్ 37వ అధ్యాయం. తప్పు చేసిన పిల్లాణ్ణి ఇన్ని రోజులని చెప్పి అక్కడికి పంపుతారు, మెయిన్ సబ్జెక్టులు అక్కడే చెప్తారు, గడువు అయ్యాక పాత స్కూల్‌కి తిరిగి తీసుకోవాలి. స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లాడైతే పంపడానికి ముందు, ఆ ప్రవర్తన వాడి వైకల్యం వల్ల వచ్చిందా అని పది స్కూలు రోజుల్లోపు కూర్చుని తేల్చాలి. వైకల్యం వల్లే అయితే మామూలుగా అలా పంపడం కుదరదు.

స్వర్గం అనుకోకండి. 2023 సెప్టెంబర్ నుంచి వేప్ దొరికితే చాలు డీఏఈపీకి పంపాల్సిందేనని చట్టం తెచ్చారు, మొదటిసారి దొరికినవాళ్ళకి 2025లో సడలించారు. మా దగ్గర తెలుగు పిల్లలు కూడా వెళ్ళారు, ఆ అమ్మానాన్నలు గుడిలో కనపడటం మానేశారు. కానీ పిల్లాడి పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, చదువు బాధ్యత డిస్ట్రిక్ట్‌దే.

లీడ్స్ లక్ష్మి | మంగళవారం, సాయంత్రం 4:45

ఇంగ్లండ్‌లో కూడా అంతే. శాశ్వతంగా తీసేస్తే ఆరో రోజు నుంచి ఫుల్ టైం చదువు చూపించాల్సింది లోకల్ అథారిటీ. పీఆర్‌యూ అని చిన్న యూనిట్లు ఉంటాయి, క్లాసులో ఎనిమిది పది మంది. నేను ఒకదాంట్లో సహాయకురాలిగా చేశాను. అక్కడికి వచ్చేవాళ్ళలో చదవడం రానివాళ్ళే ఎక్కువ. తెనాలి మాస్టారి మాట చదువుతుంటే ఆ పిల్లలే గుర్తొచ్చారు.

మీ కరస్పాండెంట్ గారు చేసినదానికి ఇక్కడ ఒక పేరుంది, ఆఫ్ రోలింగ్. రిజల్ట్స్ కోసం, తల్లిదండ్రుల చేతే మాన్పించినట్టు రాయించడం. 2019లో ఒక ప్రభుత్వ సమీక్షలో దాన్ని గట్టిగా తప్పుపట్టారు, స్కూళ్ళ తనిఖీల్లో కూడా చూస్తారు.

నిజాంపేట్ నాని | మంగళవారం, సాయంత్రం 5:20

అమెరికా, ఇంగ్లండ్ కబుర్లు వినడానికి బాగున్నాయి. ఇక్కడ ఆరో రోజు ఎవరొస్తారు మన ఇంటికి?

చాక్‌పీస్ నల్గొండ | మంగళవారం, రాత్రి 8:50

ఎవరూ రారు. నేరుగా మా బడికే రావాలి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ప్రైవేట్ నుంచి ఇలా వచ్చేవాళ్ళు మాకు ప్రతి ఏడూ ఉంటారు. సంక్రాంతి తర్వాత కూడా వస్తారు. చేర్చుకోం అనడం మా చేతుల్లో లేదు, అనాలనీ లేదు. కానీ కొన్ని విషయాలు చూసుకోండి.

మొదటిది, టీసీ కాగితం ఒక్కటే సరిపోదు. ఇప్పుడు ప్రతి పిల్లాడికీ యూడైస్ అనే ప్రభుత్వ బడుల డేటా పోర్టల్లో పెన్ అనే శాశ్వత నంబర్ ఉంటుంది. పాత స్కూలు వాళ్ళు ఆన్‌లైన్‌లో పేరు వదిలి డ్రాప్ బాక్స్‌లో పెడితేనే కొత్త బడి ఎక్కించుకోగలదు. ఫీజు బాకీ ఉందనో, కోపంతోనో కొన్ని స్కూళ్ళు అది చేయవు. పిల్లాడు మా క్లాసులో కూర్చుంటాడు, రికార్డులో అక్కడే ఉంటాడు. పది పరీక్షకి పేరు పంపేటప్పుడు అసలు గొడవ మొదలవుతుంది.

రెండోది, మధ్యలో వస్తే తొమ్మిది పాస్ అన్నది ఎవరి మీద పడాలో తెలియని గందరగోళం. వీలైతే వార్షిక పరీక్షలు అక్కడే రాయించి, ప్రమోషన్ తీసుకుని ఏప్రిల్‌లో రండి. స్కూలుతో బేరం ఆడాల్సింది ఈ ఒక్క విషయంలోనే.

మీడియం గురించి భయం వద్దు, మా దగ్గరా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఇంకో మాట, కొంచెం కటువుగా ఉంటే క్షమించండి. "పనికిరాకపోతే గవర్నమెంట్ బడికి పంపుతా" అని పిల్లాణ్ణి బెదిరించి మరీ మా దగ్గరికి తెస్తారు. వాడు మొదటి రోజు నుంచీ మమ్మల్ని, మా పిల్లల్ని తక్కువగా చూస్తాడు. ఆ మాట ఇంట్లో అనకండి.

వెనక బెంచి | మంగళవారం, రాత్రి 11:48

పొడుగు పోస్ట్, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

నన్ను తొమ్మిదిలో పంపించేశారు. కారణం చెప్పను, వేప్ కంటే పెద్దదే. మా నాన్న ఓపెన్ స్కూల్లో కట్టాడు, ఎన్ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్. మంచి విషయాలు ముందు. పద్నాలుగు నిండితే చాలు, నేరుగా పదికి కట్టొచ్చు, తొమ్మిది పాస్ అక్కర్లేదు. ఐదు సబ్జెక్టులు మనమే ఎంచుకుంటాం, ఒక భాష తప్పనిసరి. లెక్కలు లేకుండా కూడా పది గట్టెక్కొచ్చు, కానీ తర్వాత పాలిటెక్నిక్ అనుకుంటే ఆ పని చేయకండి. ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి పరీక్షలు. రెండు సబ్జెక్టులు ఇప్పుడు, మూడు తర్వాత అని రాయొచ్చు. ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. అసైన్‌మెంట్లకి కొన్ని మార్కులు కలుస్తాయి. తెలంగాణకి టాస్, ఆంధ్రకి ఏపీఓఎస్ఎస్ అని సొంత ఓపెన్ స్కూళ్ళు ఉన్నాయి, తెలుగు మీడియంలో రాసేవాళ్ళకి అవి దగ్గర.

సర్టిఫికెట్ చెల్లదేమో అని మా అమ్మ ఏడ్చేది. చెల్లుతుంది. నేను అదే పదితో పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ రాశాను. ఇప్పుడు చర్లపల్లిలో ఒక కంపెనీలో సీఎన్సీ అనే కంప్యూటర్ మెషీన్ల మీద ప్రోగ్రామింగ్ చేస్తున్నాను. నీట్ కావాలనుకునేవాళ్ళకి 2018లో ఓపెన్ స్కూల్ ఇంటర్ పనికిరాదన్నారు, ఆ రూల్‌ని ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

ఇక ఎవరూ చెప్పనిది. స్టడీ సెంటర్ అంటే ఆదివారాలు, సెలవు రోజులు. మిగతా వారమంతా నేను ఇంట్లో. అమ్మానాన్న ఉద్యోగాలకి వెళ్ళేవారు. పొద్దున పదకొండింటికి లేచేవాణ్ణి. నా వయసు పిల్లలందరూ బళ్ళో ఉన్న టైంలో బయట తిరిగేది ఎవరు? బడి మానేసినవాళ్ళు, పని లేనివాళ్ళు. నా ఫ్రెండ్స్ వాళ్ళే అయ్యారు. స్కూల్లో నేర్చుకోని అలవాట్లు ఆ ఏడాది నేర్చుకున్నాను. మొదటిసారి పరీక్షకి వెళ్ళనేలేదు, వెళ్ళానని చెప్పాను.

నన్ను లేపింది మా మేనమామ. ఆయనకి బాలానగర్‌లో లేత్ షాపు ఉంది. పొద్దున ఎనిమిదింటికి షాపుకి రా, ఒంటిగంటకి అన్నం తిని పైన గదిలో చదువుకో, నేను అడగను, కానీ రావాలి, అన్నాడు. డబ్బులు ఇవ్వలేదు, పని కూడా పెద్దగా చెప్పలేదు. కొలతలు చదవడం నేర్పాడు. దశాంశాలు నాకు కొలిచే వెర్నియర్ మీద అర్థమయ్యాయి, బోర్డు మీద కాదు.

అందుకే అమ్మా, ఓపెన్ స్కూల్ కట్టేముందు ఒక్కటి తేల్చుకోండి. పగలు పది నుంచి నాలుగు దాకా వాడు ఎక్కడ ఉంటాడు, ఎవరితో ఉంటాడు. జవాబు లేకపోతే కట్టకండి. రెగ్యులర్ బడే మేలు, ఎంత చెత్త బడైనా.

బడిగంట | బుధవారం, ఉదయం 6:05

ఈ పోస్ట్ ప్రింట్ తీసి మా స్టాఫ్ రూంలో పెట్టాలనుంది.

పాప తండ్రి | బుధవారం, ఉదయం 8:22

అందరూ ఈ బాబు వైపు నుంచే మాట్లాడుతున్నారు. నా కూతురు ఏడులో ఉన్నప్పుడు ఒక పిల్లాడు ఏడాది పాటు ఏడిపించాడు. స్కూలు కౌన్సెలింగ్ అంటూ సాగదీసింది. చివరికి బడి మారింది మా పాపే. ఇలాంటి చర్చల్లో ఆ రెండో పిల్ల కనపడదు. బహిష్కరణ తప్పనడం తేలిక. దెబ్బ తిన్న పిల్లలు రోజూ అదే క్లాసులో కూర్చోవాలంటే వాళ్ళ సంగతేంటి?

అమ్మా, ఒక్క ప్రశ్న. కుట్లు పడిన అబ్బాయి ఇంటికి వెళ్ళారా?

కూకట్‌పల్లి అమ్మ | బుధవారం, ఉదయం 9:10

వెళ్ళామండీ, ఆ సాయంత్రమే. ఆస్పత్రి ఖర్చు మేమే కట్టాం. వాళ్ళమ్మ మాట్లాడలేదు, వాళ్ళ నాన్నే మాట్లాడారు. మా వాణ్ణి తీసుకెళ్ళలేదు, తీసుకెళ్తే గొడవవుతుందని మావారు వద్దన్నారు.

పాప తండ్రి | బుధవారం, ఉదయం 9:26

తీసుకెళ్ళండి. ముందు ఆయనకి ఫోన్ చేసి అడిగి. ఆ అబ్బాయి ఒప్పుకుంటేనే. మా విషయంలో ఎవరూ రాలేదు, నాలుగేళ్ళైనా నాకు అదే కోపం. స్కూలుతో మీ బేరం కూడా అప్పుడు తేలికవుతుంది, ఎందుకంటే కరస్పాండెంట్‌ని వాళ్ళు కూడా ఒత్తిడి చేస్తూ ఉండొచ్చు.

వరంగల్ వకీలు | బుధవారం, ఉదయం 10:00

మంచి మాట. ఇంకోటి మీవారికి చెప్పండి. విజయవాడ హాస్టల్ గురించి. తెలంగాణలో 2024లో వచ్చిన జీవో 33 ప్రకారం మెడికల్ సీట్లలో స్థానికత కావాలంటే ఇంటర్ దాకా చివరి నాలుగేళ్ళు వరుసగా ఇక్కడే చదివి ఉండాలి. 2025లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మీ బాబుకి డాక్టర్ ఆలోచన లేకపోవచ్చు. కానీ కోపంలో రాష్ట్రం దాటించే ముందు ఇలాంటివి ఉంటాయని తెలియాలి.

రిటైర్డ్ హెచ్ఎం, తెనాలి | బుధవారం, ఉదయం 10:40

స్థానికత సంగతి సరే. ఐదున్నరకి లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే హాస్టల్లో, చదవడం సరిగా రాని పిల్లాణ్ణి వేస్తే ఏమవుతుందో ఆలోచించమనండి. ఇక్కడ కొట్లాడితే అమ్మకి ఫోన్ వస్తుంది. అక్కడ వార్డెన్ చూసుకుంటాడు.

అమ్మాయీ, చదివించావా?

కూకట్‌పల్లి అమ్మ | బుధవారం, రాత్రి 9:55

చదివించాను మాస్టారూ. మొదట పుస్తకం విసిరేశాడు. మా మరిది కూతురికి పాఠం చెప్పమని అడిగితే కూర్చున్నాడు. తెలుగు పేజీలో ఒత్తులు వచ్చిన చోటల్లా ఆగి, మిగతాది ఊహించి చదివాడు. ఇంగ్లీషు సగం లైన్లు దాటేశాడు. అదే పేరా నేను చదివి వినిపిస్తే మొత్తం చెప్పాడు, నేను గమనించనివి కూడా. ఇన్నేళ్ళు ట్యూషన్‌కి పంపాం, ఎవరూ చెప్పలేదు. లెక్కలు నోటితో చెప్తే చేస్తాడు, పేరా లెక్కలు వదిలేస్తాడు.

వేప్ ఎక్కడిదని అడిగితే పాన్ డబ్బా పేరు చెప్పాడు. స్కూల్‌కి రెండు వీధుల అవతల.

రిటైర్డ్ హెచ్ఎం, తెనాలి | బుధవారం, రాత్రి 10:30

అదిగో. విని అర్థం చేసుకోగలిగి, చదవలేకపోతే పరీక్ష చేయించాల్సిందే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యాల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. అక్కడ పరీక్ష చేయించే ఏర్పాటు గురించి అడుగు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో అభ్యసన వైకల్యం కూడా ఒకటి. సర్టిఫికెట్ వస్తే పదో తరగతి పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి వెసులుబాట్లు అడగొచ్చు. రాకపోయినా నష్టం లేదు, లోపం ఎక్కడుందో తెలుస్తుంది. మాట్లాడటానికి మనిషి కావాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్ టెలీమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. నువ్వు కూడా చెయ్యి, వాడికోసమే కాదు.

వీడికి ప్రత్యేకంగా ఏదో బడి కావాలని వెతకొద్దు. ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచీ పనికి పోయే పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, అక్షరాలు దిద్దించి, వయసుకి తగ్గ తరగతిలో మామూలు బడికే పంపారు. పదమూడేళ్ళవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టలేదు. ఆ సంస్థని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసేసే అవార్డు వచ్చింది ఆ పనికే. తర్వాత విద్యాహక్కు చట్టంలో సెక్షన్ 4 అదే పద్ధతి. వీడికీ అదే చాలు. వయసుకి తగ్గ తరగతి, పక్కన రోజుకో గంట చదవడం నేర్పే మనిషి.

ఇంటిబడి | గురువారం, ఉదయం 7:35

ఆ గంటకి ట్యూషన్ సెంటర్ వద్దు. డిగ్రీ చదివే పక్కింటి అమ్మాయో, రిటైరైన తాతయ్యో చాలు. క్లాసు పుస్తకం తీయకూడదు, ఆ గంట చదవడమే. క్రికెట్ పేజీ అయినా సరే.

కూకట్‌పల్లి అమ్మ | శనివారం, రాత్రి 8:15

ఈరోజు వెళ్ళొచ్చాం. మీరు చెప్పినట్టే "ఏం చేయదలచుకున్నారో రాసివ్వండి సార్" అన్నాను. కరస్పాండెంట్ గారి ముఖం మారింది. ప్రిన్సిపాల్ మేడం మాత్రం చాలాసేపు విన్నారు. చదవడం గురించి చెప్తే ఎనిమిదిలో తెలుగు టీచర్ ఒకసారి ఈ మాట అన్నారని ఆవిడే గుర్తు చేసుకున్నారు.

చివరికి తేలింది ఇది. రెండు వారాలు ఇంట్లో ఉంచాలి. ఆ తర్వాత సెక్షన్ మార్చి కూర్చోబెడతారు, దెబ్బ తిన్న అబ్బాయి ఉన్న సెక్షన్ కాదు. వార్షిక పరీక్షలు రాయనిస్తారు. పదికి మాత్రం ఉంచుకోం అని కచ్చితంగా చెప్పారు. ఏప్రిల్‌లో టీసీ, కాండక్ట్ మామూలుగానే రాస్తారట. ఇదంతా ఒక కాగితం మీద రాసి మేడం సంతకం చేశారు. మళ్ళీ ఏదైనా దొరికితే ఈ ఒప్పందం ఉండదన్నారు. మావారు ఇంకా హాస్టల్ మాట వదల్లేదు కానీ ఎన్ఐఈపీఐడీకి తనే తీసుకెళ్తానన్నారు.

ఆ అబ్బాయి వాళ్ళ నాన్న రేపు రమ్మన్నారు. మా వాడు వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

పదికి గవర్నమెంట్ బడా, ఓపెన్ స్కూలా అన్నది ఇంకా తేలలేదు. ఎక్కడున్నా పగలంతా ఎవరితో ఉంటాడన్నదే నా భయం. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళమే.

వెనక బెంచి | శనివారం, రాత్రి 9:40

అయితే బడే. ఓపెన్ స్కూల్ ఎక్కడికీ పోదు, పదిలో పోయినా తర్వాత కట్టొచ్చు. పాసైన సబ్జెక్టుల్లో రెండింటి దాకా మార్కులు అందులో కలుపుకునే వీలు కూడా ఉంటుంది. ఆ రెండు వారాలు మాత్రం ఇంట్లో ఒక్కణ్ణే వదలకండి. మీ తమ్ముడు ఏం చేస్తాడు?

కూకట్‌పల్లి అమ్మ | శనివారం, రాత్రి 9:52

ఏసీ మెకానిక్. సొంతంగా చేస్తాడు, మియాపూర్‌లో.

వెనక బెంచి | శనివారం, రాత్రి 9:54

సోమవారం నుంచి పంపండి. పనిలో చేతులు పెట్టనివ్వకండి, కరెంటుతో పని. టూల్స్ బ్యాగు మోస్తూ వెంట తిరిగితే చాలు. ఏ ఇంట్లో ఏం రిపేరు వచ్చిందో సాయంత్రం వాడి చేత నోట్‌బుక్‌లో రాయించమనండి, రెండు లైన్లు, తప్పులున్నా దిద్దొద్దని చెప్పండి.

చాక్‌పీస్ నల్గొండ | ఆదివారం, ఉదయం 7:10

ఏప్రిల్‌లో బడులు మూసేలోపే టీసీ చేతికి తీసుకోండి. మేలో ఆఫీసులో మనిషి దొరకడు. టీసీతో పాటు తొమ్మిది ప్రమోషన్ ఉన్న ప్రోగ్రెస్ కార్డు, బోనఫైడ్, ఆధార్, పెన్ నంబర్ అడగండి. డ్రాప్ బాక్స్‌లో పేరు వదిలారా లేదా అన్నది అక్కడే కంప్యూటర్‌లో చూపించమనండి. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న హైస్కూల్‌కి ఇప్పుడే ఒకసారి వెళ్ళి హెచ్ఎంని కలవండి, బాబుని కూడా తీసుకెళ్ళి గ్రౌండ్ చూపించండి. లెక్కల టీచర్ పోస్టు ఖాళీగా ఉందేమో కనుక్కోండి. ఖాళీగా ఉంటే పక్క బడి చూసుకోండి.

కూకట్‌పల్లి అమ్మ | ఆదివారం, ఉదయం 7:48

సరేనండీ. ఇప్పుడు ఆ అబ్బాయి వాళ్ళింటికి బయల్దేరుతున్నాం. వాడు చొక్కా మార్చుకుంటున్నాడు. వచ్చాక రాస్తాను.